దర్జీ పుస్తకంలో నా రెండు చేతులు

2021 చలికాలంలో ఒక గురువారం సాయంత్రం, మా లాండ్రీ పక్క దుకాణంలో ఉండే దర్జీ ముగ్గురు గిరాకీల ముందు నన్ను అవమానించాడు. ఆ ముగ్గురూ ఎవరో ఇప్పటికీ చెప్పగలను. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన సెక్యూరిటీ గార్డు, జాకెట్టు కోసం వచ్చిన మలయాళీ నర్సు, ఏ పనీ లేకుండా చాయ్ తాగుతూ కూర్చున్న టాక్సీ డ్రైవరు. గార్డూ డ్రైవరూ మనవాళ్లే, వెంటనే నవ్వారు. నర్సుకు తెలుగు రాదు. ఆమెకు అర్థం కాలేదని దర్జీ అదే మాట హిందీలో మళ్లీ చెప్పాడు. అప్పుడు ఆమె కూడా నవ్వింది. తెలుగులో అన్నదాన్ని నేను ఎప్పటికైనా మరిచిపోయేవాణ్ణేమో. హిందీలో మళ్లీ చెప్పడాన్ని మాత్రం మరిచిపోలేదు.

జరిగింది ఇంతే. మా లాండ్రీ ముదీర్, అంటే మేనేజరు, పండక్కి అందరికీ తలా ఒక చొక్కా గుడ్డ ఇచ్చాడు. నేను దాన్ని పట్టుకుని కొలతలివ్వడానికి వెళ్లాను. దర్జీ నెల్లూరు వైపు సాయిబు, వయసు యాభై దాటింది. గల్ఫ్‌లో మేముండే ఇంటర్నేషనల్ సిటీలో మా వీధంతా ఆయన్ను మాస్టర్ అంటుంది. ఆయన నా కుడి దండ చుట్టూ టేపు వేసి పదమూడు అంగుళాలని రాసుకున్నాడు. ఎందుకో అనుమానం వచ్చి ఎడమదీ కొలిచాడు. పదకొండు ముప్పావు. మళ్లీ కొలిచాడు. అదే. తర్వాత నన్ను నిలబెట్టి, వెనక్కి రెండడుగులు వేసి, గోడకు పటం సరిగ్గా ఉందో లేదో చూసేవాడిలా తల వంచి చూశాడు.

"ఏంది భాయ్ ఇది! నీ కుడిచెయ్యి ఒక ఊరిది, ఎడంచెయ్యి ఇంకో ఊరిది. మధ్యలో బస్సు కూడా తిరిగేట్టు లేదే!"

ఆ తర్వాత హిందీ. ఆ తర్వాత నవ్వులు.

ఆయన దగ్గర పొడవాటి కొలతల పుస్తకం ఒకటి ఉండేది. మనిషికి ఒక పేజీ. అందరి పేజీల్లోనూ చేతి లూజుకు ఒకే అంకె ఉంటుంది. నా పేజీలో రెండంకెలు రాసి, మధ్యలో నిలువు గీత గీశాడు. ఎడం భుజం అర అంగుళం కిందికి జారి ఉందని, అక్కడ లోపలివైపు కాన్వాసు ముక్క ఒకటి వేసి కుట్టాడు. చొక్కా బాగానే వచ్చింది. కానీ తొడుక్కున్నప్పుడల్లా ఆ కాన్వాసు ముక్క ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి "పాపం" అంటున్నట్టుండేది.

నా చెయ్యి అలా కావడానికి కారణం లేకపోలేదు. అప్పటికి పదహారేళ్లుగా ఇస్త్రీ చేస్తున్నాను. కుడిచేత్తో పెట్టె తోస్తాను, ఎడంచేత్తో గుడ్డ సర్దుతాను. అరబ్బులు తొడిగే పొడుగు కందూరాలు, షర్టులు, హోటల్ దుప్పట్లు. ఒక చెయ్యి పదహారేళ్లు బరువు తోసింది, ఇంకొకటి పదహారేళ్లు ముడతలు నిమిరింది. ఈ సంగతి మాస్టర్‌కు తెలుసు. ఆయన కుట్టిన ప్రతి చొక్కా నా చేతి కిందికే వస్తుంది. తెలిసి కూడా అన్నాడు. అందుకే ఎక్కువ మండింది.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. ఆ పుస్తకంలో నా పేజీలోనూ ఒకే అంకె ఉండాలి. ఆయనే, ఆయన చేత్తోనే రాయాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

మొదట నాకు తోచిన మార్గం ఎడంచేత్తో ఇస్త్రీ చేయడం. రెండు రోజులు చేశాను. మూడో రోజు ఒక దిండు గలేబు మీద పసుపుపచ్చని పడవ ఆకారం తేలింది. ముదీర్ దాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకుని "ఖలాస్, పాత చేత్తోనే చేయి" అన్నాడు. అదీ రాసిపెట్టుకున్నాను, మనసులో.

అప్పుడు ఫోన్లో చూసి కసరత్తు మొదలుపెట్టాను. జిమ్ముకు వెళ్లలేదు. ఒంటి బరువే బరువు, గోడే సామాను. పొద్దున ఐదున్నరకు లేచి, మా బిల్డింగు వెనక ఖాళీ జాగాలో గోడకు ఎదురుగా నిలబడి తోసేవాణ్ణి. కాస్త అలవాటయ్యాక ఒంటిచేత్తో తోయడం. పక్కనున్న చిన్న పార్కులో ఇనుపకడ్డీకి తువ్వాలు వేసి, ఒంటిచేత్తో పట్టుకుని ఒళ్లు లాగడం. కుడిచేత్తో ఇరవై. ఎడంచేత్తో ఎనిమిది.

ఎనిమిదే ఎందుకంటే, అక్కడే నేను మా ఊరి బుద్ధి వాడాను. మాది జగిత్యాల దగ్గర వ్యవసాయం ఇల్లు. జోడెడ్లలో ఒకటి బక్కదైతే మా నాయన కాడిని మధ్యలో కట్టేవాడు కాదు. బక్క ఎద్దు వైపు కాడి పొడుగ్గా ఉండేలా జరిపి కట్టేవాడు. అప్పుడు దాని మెడ మీద బరువు తక్కువ పడుతుంది, బలమైన ఎద్దు ఎక్కువ లాగుతుంది, బండి తిన్నగా పోతుంది. అదే న్యాయమని నేను పెరిగాను. బక్కదానికి తక్కువ, బలమైనదానికి ఎక్కువ. నా ఎడంచెయ్యిని నేను బక్క ఎద్దులా చూసుకున్నాను. ఎనిమిది అయ్యాక దాన్ని కుడిచేత్తో నిమిరేవాణ్ణి కూడా.

మా గదిలో ఉండే నిజామాబాద్ మనిషి, షట్టరింగ్ పని చేసేవాడు. వరస లేకపోయినా నన్ను బావా అనేవాడు. ఒకరోజు చూసి అన్నాడు: "బావా, కుడిచేతికి పహిల్వాన్ పని, ఎడంచేతికి పింఛనా?"

"నీకేమెరుక? బక్కదాన్ని సతాయిస్తే పండుకుంటది."

"పండనియ్యి. ఇప్పుడు మాత్రం లేచి ఏం జేస్తున్నది?"

దీన్నీ నేను మరిచిపోలేదు. కానీ అతను చెప్పింది సరైన మాటని తర్వాత తెలిసింది కాబట్టి, దీన్ని వేరే వరసలో పెట్టుకున్నాను.

నాలుగు నెలలు అలా చేశాను. ఒళ్లు తేలికైంది, నిద్ర బాగా పట్టేది, మెట్లెక్కితే ఆయాసం లేదు. సంతోషంగా ఉండేది. ఒక శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక మాస్టర్ దుకాణం తెరవగానే వెళ్లి నిలబడ్డాను.

"కొలువు మాస్టర్."

"గుడ్డేది?"

"గుడ్డ లేదు. చేతులు కొలువు."

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి టేపు తీశాడు. కుడి, పదమూడున్నర. ఎడమ, పదకొండు ముప్పావు. పుస్తకం తెరిచి పాత అంకెలు చూశాడు. చూసి, పక్కన ఎవరైనా ఉన్నారా అని దిక్కులు చూశాడు. నన్ను కాపాడటానికి కాదు. వినేవాళ్లు లేరే అని.

"భాయ్, పెళ్లికొడుకు పెరిగాడు. తోడు పెళ్లికొడుకు అట్నే ఉండాడు."

నాలుగు నెలల కష్టం! తేడా తగ్గకపోగా అరంగుళం పెరిగింది. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. తొమ్మిది రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన కుట్టిన చొక్కాలు ఇస్త్రీకి వస్తే చేసి, మడిచి, బల్ల మీద పెట్టి, గోడవైపు చూస్తూ "అయినయ్" అనేవాణ్ణి. ఆయన కూడా గోడకే "సరే" అనేవాడు. ఆ గోడకు మా ఇద్దరితోనూ మంచి పరిచయమైంది.

పదో రోజు పొద్దున ఆయనే వచ్చాడు. ఫజర్ నమాజు చేసుకుని వెళుతూ, బిల్డింగు వెనక నన్ను చూసి ఆగాడు. నేను చూడనట్టు నటించి లెక్క కొనసాగించాను. కుడిచేత్తో ఇరవై. చెయ్యి మార్చి, ఎడంచేత్తో ఎనిమిది. ఆపాను.

"ఎనిమిదికే ఆపినావేంది?"

తొమ్మిది రోజుల మౌనం పాడైంది. అయినా అడిగినప్పుడు చెప్పకపోతే నాకేమీ తెలియదనుకుంటాడని, కాడి సంగతంతా వివరించాను. బక్క ఎద్దు, పొడుగు వైపు, మెడ బరువు. ఆయన చివరిదాకా విన్నాడు. అంత శ్రద్ధగా ఆయన గిరాకీల మాట కూడా వినగా చూడలేదు.

"మీ నాయన చేసింది సబబే. ఆయనకు బండి ఊరు చేరాల. నువ్వు బండి తోలుతుండావా, ఎద్దును పెంచుతుండావా?"

ఎడంచెయ్యిని నిమురుతున్న నా కుడిచెయ్యిని తీసేశాను.

ఆయన గోడ దగ్గరికి వచ్చి, గాలిలో గుడ్డ పరిచినట్టు చేతులు ఆడించాడు. "ఇట్టా చూడు. రెండు చేతుల గుడ్డ ముక్కలు సమంగా లేవనుకో. పొట్టిది పైన పెడతా. కత్తెర పొట్టిదాని మాటే వింటది. పొడుగుది ఎంత పొడుగున్నా సరే, దాని మాట వింటే రెండో చెయ్యి మణికట్టు దాకా రాదు. నువ్వు ఎడమదానితో ముందు చెయ్యి. అది ఎన్ని చేస్తే కుడిది అన్నే. ఒక్కటి ఎక్కువ చేసినా నేను ఒప్పుకోను."

"నువ్వెవరు ఒప్పుకోనీకి?"

"కొలిచేవాణ్ణి" అనేసి వెళ్లిపోయాడు.

అవమానించినవాడి దగ్గరే ఉపాయం తీసుకోవాల్సి రావడం ఎంత ఇబ్బందో, అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మూడు రోజులు పాత పద్ధతిలోనే చేశాను, పంతానికి. నాలుగో రోజు ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, ఎడంచేత్తో మొదలుపెట్టాను.

ఎడమది ఎనిమిది చేసి ఆగింది. కుడిది ఎనిమిది చేసింది. ఇంకా ఊపుమీద ఉంది. ఆపాను. ఆ ఆపడం నాకు చాలా కష్టమైంది. కసరత్తులో కష్టం చేయడంలో ఉంటుందనుకుంటాం. నాకు కుడిచెయ్యిని ఆపడంలో ఉండింది. అది కట్టేసిన కోడెలా ఎగిరేది. దానికీ అన్యాయం జరుగుతోందని కొన్నాళ్లు దాని తరఫున నేనే ఫిర్యాదు చేసుకున్నాను.

కానీ లోలోపల ఒక సంగతి నాకు నచ్చడం మొదలైంది. నేను పనిచేసిన ప్రతిచోటా లెక్క కట్టింది అందరికంటే వేగంగా చేసేవాణ్ణి బట్టే. "వాడు రోజుకు అన్ని కందూరాలు చేస్తాడు, నీకేమైంది?" అనే మాట పదహారేళ్లలో ఎన్నిసార్లు విన్నానో, ఎవరి నోటినుంచి విన్నానో నాకు తెలుసు. ఇప్పుడు ఈ గోడ దగ్గర, వెనకబడినవాడు ఎంతంటే అంత. ముందున్నవాడు నోరు మూసుకుని ఆగాలి. అలాంటి కంపెనీ నేనెక్కడా చూడలేదు. నా ఒంట్లోనే పెట్టుకున్నాను.

గోడ నుంచి పార్కు బెంచీకి, బెంచీ నుంచి నేలకు దిగాను. నేల మీద రెండు చేతులూ ఆనించి దండీలు తీస్తుంటే కుడిచెయ్యి దొంగతనం చేసేది. నాకు తెలియకుండానే బరువంతా అటు లాక్కునేది. దాన్ని పట్టుకోవడానికి నా పనిలోంచే ఒక ఉపాయం తీశాను. లాండ్రీలో వంగిపోయిన తీగ హ్యాంగర్లు పారేస్తాం. ఒకదాన్ని తిన్నగా చేసి, వీపు మీద అడ్డంగా పెట్టుకుని దండీ తీసేవాణ్ణి. ఎడం భుజం జారితే హ్యాంగర్ ఎడమవైపు జారి కింద పడేది. పడితే ఆ దండీ లెక్కలోకి రాదు. మొదటిరోజు లెక్కలోకి వచ్చినవి సున్నా. హ్యాంగర్ పడిన చప్పుడుకు రెండో అంతస్తులో ఒకాయన కిటికీ తెరిచి చూసి మళ్లీ మూసుకున్నాడు.

ఊళ్లో మా ఆవిడకు వీడియో కాల్‌లో చూపించాను.

"ఏందయ్యా, వీపు మీద గా హ్యాంగరేంది? నిన్ను గూడ ఆరేస్తున్నరా?"

"కసరత్తు. భుజాలు సమంగ రావాలె."

"ముందు ఫోను సక్కగ పెట్టు. ఎప్పుడు జూసినా వంకరనే పెడ్తవ్."

ఆమె ఈ మాట ఏళ్ల తరబడి అంటోంది. ఫోను ఎంత నిటారుగా పెట్టినా అనేది. నాకు ఫోను పెట్టడం కూడా రాదంటోందని ప్రతిసారీ నొచ్చుకునేవాణ్ణి. ఆ రోజూ నొచ్చుకున్నాను.

హ్యాంగర్ పడకుండా మొదటి దండీ వచ్చిన పొద్దు నాకు బాగా గుర్తుంది. సన్నగా మంచు కమ్మి ఎదుటి బిల్డింగులు కనిపించడం లేదు. కిందికి వెళ్లాను, పైకి వచ్చాను, చప్పుడు కాలేదు. హ్యాంగర్ ఎప్పుడో పడి ఉంటుంది, నాకే వినపడలేదని అనుకున్నాను. మెల్లగా ఎడంచెయ్యి వెనక్కి పెట్టి తడిమాను. వీపు మీదే ఉంది, పెట్టినచోటే. అక్కడే నేల మీద బోర్లా పడుకుని నవ్వాను. ఎవరైనా చూస్తే పడిపోయాననుకునేవారు. లేచి గదికి పరుగెత్తి, నిజామాబాద్ మనిషిని నిద్రలేపి చెప్పాను.

"పడలేదు!"

"ఎవలు?"

"హ్యాంగర్!"

"మంచిది బావా" అని అటు తిరిగి పడుకున్నాడు. నా సంతోషాన్ని అటు తిరిగి పడుకుని విన్నాడన్నది వేరే సంగతి.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో తెలియదు. ఎండాకాలంలో పొద్దున ఐదుకే చెమటతో చొక్కా పిండుకోవాల్సి వచ్చేది. అయినా మానలేదు. ఎనిమిది పన్నెండైంది, పన్నెండు పదిహేనైంది. ఎడంచేత్తో ఇనుపకడ్డీ పట్టుకుని వేలాడుతూ పది లెక్కపెట్టగలిగాను. ఒకరోజు లిఫ్టు చెడిపోతే పెద్ద నీళ్ల సీసాను ఎడం భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కాను. ఎక్కాక గానీ గమనించలేదు, దాన్ని ఎడమవైపు వేసుకున్నానని. అలవాటుగా వెళ్లింది. పదహారేళ్లలో ఆ చెయ్యి తనంతట తాను ముందుకు రావడం అదే మొదటిసారి.

మాస్టర్ పొద్దున నమాజు నుంచి వెళుతూ ఒక్కోసారి ఆగేవాడు. మెచ్చుకోడు. "కుడిది ఒకటి ఎక్కువ చేసింది, నేను చూశా" అనేవాడు. చెయ్యలేదని నేను, చేసిందని ఆయన. ఆ తగవు లేని రోజు ఏదో వెలితిగా ఉండేది. ఈ మాట ఆయనతో నేను ఎన్నడూ అనను.

2023లో మళ్లీ చలి మొదలైనప్పుడు, ఒక శుక్రవారం పొద్దున మా ఆవిడ ఫోన్ చేసింది. పిల్లల చదువు సంగతులు, బర్రె సంగతులు చెప్పి, మధ్యలో ఆగింది.

"ఇయ్యాల ఫోను సక్కగ పెట్టినవేంది?"

ఎప్పుడూ పెట్టే చోటే, నీళ్ల సీసాకు ఆనించి పెట్టాను. ఏమీ మార్చలేదు. రెండు నిమిషాల తర్వాత అర్థమైంది. ఇన్నేళ్లూ వంకరగా ఉన్నది ఫోను కాదు. ఆమె తప్పు పట్టినందుకు ఇన్నేళ్లు నొచ్చుకున్నాను, ఆమె చూసింది నిజమే. ఒక్క క్షణం, నేను దాచుకున్న మాటల్లో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అనిపించింది. కానీ ఆ రోజు సంతోషమైన రోజు కాబట్టి ఆ ఆలోచనను అక్కడే వదిలేశాను.

ఆ సాయంత్రమే కొత్త చొక్కా గుడ్డ, ఈసారి నేనే కొన్నది, పట్టుకుని మాస్టర్ దగ్గరికి వెళ్లాను. కావాలనే దుకాణంలో మనుషులున్న వేళ చూసుకుని వెళ్లాను. గార్డు ఉన్నాడు. డ్రైవరూ ఉన్నాడు, అదే కుర్చీలో. నర్సు లేదు, ఊరికి వెళ్లిందట. అదొక్కటే లోటు.

"ఎడమది ముందు" అన్నాను.

మాస్టర్ టేపు వేశాడు. "పదమూడు." కుడిచేతికి వేశాడు. "పదమూడుంబావు."

పావు అంగుళం! ఆయన నన్ను నిలబెట్టి, వెనక్కి రెండడుగులు వేసి, పటం చూసినట్టే చూశాడు. చాలాసేపు చూశాడు. పుస్తకంలో కొత్త పేజీ తీసి, చేతి లూజు దగ్గర పదమూడుంబావు అని ఒకే అంకె రాశాడు. గీత గీయలేదు.

"పావు తేడా ఉంది కద మాస్టర్. నాకు ధర్మం అక్కర్లేదు."

"పావంగుళం ఎవడికైనా ఉంటదబ్బా. కుట్టులో పోతది. కాన్వాసు అక్కర్లా, భుజం సరిపోయింది."

"మరి పాత పేజీ చింపు."

"నా పుస్తకంలో పేజీ చింపే అలవాటు లేదబ్బా."

"నలుగుర్ల అన్నవ్. హిందీల గూడ అన్నవ్."

ఆయనకు నిజంగా గుర్తులేదు. మొహం చూస్తే తెలిసింది. "నేనా? ఏమన్నా?" అన్నాడు. రెండేళ్లు నేను పొద్దునే లేచి మోసిన మాట ఆయన దగ్గర రెండు నిమిషాలు కూడా నిలవలేదు. కోపం రావాల్సింది. ఎందుకో నవ్వొచ్చింది. డ్రైవరుకు మాత్రం గుర్తుంది. "రెండు ఊర్లు అన్నవు మాస్టర్, బస్సు తిరగదన్నవు" అని అందించాడు. ఆ డ్రైవరును ఆ క్షణం నుంచి క్షమించాను.

మాస్టర్ నాలుక కరుచుకున్నాడు. "అయ్యో భాయ్, అదా! పావంగుళం నాక్కూడా ఉంటదిలే, కావాలంటే కొలుచుకో."

ఆయన మర్యాదకు అన్నాడు. నేను టేపు లాక్కున్నాను. చేతులు కొలవలేదు. పదహారేళ్లు కుడిచెయ్యి ఒక్కటే వాడినవాణ్ణి, ఎక్కడ చూడాలో నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా ఆయన కుట్టుమిషను మోటారు పెడలును కుడికాలితోనే తొక్కుతున్నాడు. ప్యాంటు మోకాలి దాకా పైకి లాగి పిక్కలు కొలిచాను. గార్డు టార్చి వేసి సాయపడ్డాడు. కుడి పిక్క పద్నాలుగున్నర, ఎడమది పదమూడు.

రెండేళ్లు దాచుకున్న మాట. తొందరపడలేదు. టేపు చుట్టి బల్ల మీద పెట్టి, వెనక్కి రెండడుగులు వేసి, తల వంచి చూసి అన్నాను:

"మాస్టర్, నీ కుడికాలు ఒక ఊరిది, ఎడంకాలు ఇంకో ఊరిది. నడుమ బస్సు గూడ తిరిగేటట్టు లేదు."

తర్వాత హిందీలోనూ చెప్పాను. వినేవాళ్లలో హిందీ అవసరమైనవాళ్లు ఎవరూ లేరు. అయినా చెప్పాను. అందరికంటే గట్టిగా, బల్ల మీద చెయ్యి కొడుతూ నవ్వింది మాస్టరే. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, పుస్తకంలో ఆఖరి పేజీ తిప్పి తన కాళ్ల కొలతలు రెండూ రాసుకున్నాడు. మధ్యలో నిలువు గీత గీశాడు.

మర్నాడు పొద్దున నమాజు అయ్యాక ఆయన ఇంటికి వెళ్లలేదు. బిల్డింగు వెనకకు వచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఎడంకాలు ముందుకు వేయించి, వెనక మోకాలు నేలకు ఆనేదాకా కూర్చుని లేవమన్నాను. ఆరు చేసేసరికి కాలు వణికింది. కాలు మార్చాడు. కుడిది ఆరు చేసింది, ఏడోదానికి దిగబోయింది.

"ఖలాస్" అన్నాను.

"కుడిది ఇంకా చేస్తాదబ్బా!"

"చేస్తది. ఎడమది ఆరే అన్నది."

"ఒక్కటి."

"ఒప్పుకోను."

"నువ్వెవరు ఒప్పుకోటానికి?"

"కొలిచేటోణ్ణి" అన్నాను.